చల్లటి నీళ్ళు, వేడి డైనమో

మంగళవారం పదకొండూ ఐదుకి దెసంక ప్రొతిచ్ పోలీసు స్టేషను మెట్లెక్కింది. మిలుతిన్ మాస్టారిని జిల్లా జైలుకి తీసుకెళ్ళే వ్యాను రెండింటికి బయల్దేరుతుంది. ఆ వ్యాను ఎక్కాడంటే విచారణ పూర్తయ్యేదాకా, తక్కువలో తక్కువ ఆరు నెలలు, డెబ్భై ఒక్కేళ్ళ మనిషి లోపలే ఉంటాడు. గుండెకి రెండుసార్లు కోత పడిన మనిషి. ఆరు నెలల మాట అటుంచి, ఆరు వారాలు కూడా ఆయన తట్టుకోలేడని భార్య యాగొదాకి తెలుసు. అందుకే నిన్న వచ్చి దెసంకని పట్టుకుంది.

దెసంక ఈ ఊరి ప్రైవేటు డిటెక్టివు. వయసు యాభై రెండు. వాళ్ళ నాన్న ముప్ఫై ఏళ్ళు కార్లకి కరెంటు పనిచేసిన మెకానిక్కు. ఆయన పోతూ కూతురికి వదిలిన ఆస్తి ఒక చెక్కపెట్టె, అందులో కరెంటు కొలిచే పాత ఆమ్మీటరు. ఇవాళ ఆ పెట్టె ఆమె చంకలో ఉంది.

వరండాలో బల్ల మీద యాగొదా కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డ కప్పిన పళ్ళెం.

“అమ్మాయ్, గిబానిత్సా తెచ్చాను. జున్ను ఎక్కువ వేశాను. లోపలికి పంపమంటే ఆ ఇన్‌స్పెక్టరు వెలిమిర్ గాడు కత్తితో పొడిచి పొడిచి చూశాడు, లోపల రంపం దాచానేమోనని. రొట్టె ముక్కలు ముక్కలు చేశాడు.”

“తిన్నారా మాస్టారు?”

“తినలేదు. నోరు విప్పి మాట్లాడనూ లేదు. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆయన ఇంత నోరు మూసుకోవడం ఇదే మొదలు. ఏదో దాస్తున్నాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి దాచిపెడితే ఎలా ఉంటుందో నువ్వే చూద్దువుగాని పద.”

లోపలి గదిలో మిలుతిన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పిల్లలు రాకముందే తరగతికి వచ్చిన మాస్టారులా నిటారుగా కూర్చున్నాడు. దెసంక ఎదురుగా కుర్చీ లాక్కుంది.

“మాస్టారూ, ఆదివారం సంగతి. మొదటినుంచీ.”

“నిన్న చెప్పానుగా. పాఠం ఒక్కసారే చెప్తాను నేను.”

“నేను వెనక బెంచీదాన్ని. మళ్ళీ చెప్పాలి.”

ఆయన పెదవి కొంచెం కదిలింది. “పన్నెండింటికి నా ఫీచా కారులో కొండెక్కాను. తేనెపెట్టెల దగ్గర చెట్టు నీడన ఆపాను. మూడింటికి పని అయింది. తాళం తిప్పితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. నెడదామంటే ఒక్కణ్ణి. పోనీ కాసేపు ఆగి చూద్దామని నాలుగూ పది దాకా ఆగాను. తర్వాత అడవి అడ్డదారిన నడిచి ఆరింటికి ఇల్లు చేరాను. ఆరున్నరకి వెలిమిర్ వచ్చాడు.”

“నడిచే దారిలో ఎవరైనా చూశారా?”

“నక్కలు చూసుంటాయి.”

“కారు వెనక మూత?”

“పుల్ల పెట్టి ఎత్తే ఉంచాను. ఎండాకాలం కదా.”

ఊళ్ళో ఫీచా ఉన్న ప్రతివాడూ చేసే పనే అది. ఆ బుల్లికారుకి ఇంజిను వెనకాల, బ్యాటరీ ముందు. ఎండల్లో గాలి తగలాలని వెనక మూత ఎత్తి పుల్ల పోటు పెట్టి నడుపుతారు. నంబరు పలక ఆ మూత మీదే ఉంటుంది కాబట్టి అప్పుడది ఆకాశాన్ని చూస్తూ ఉంటుంది. ఆదివారం నాలుగున్నరకి కొండ కింది రోడ్డు మీద ఒబ్రాద్ అనే రైతుని గుద్ది ఆగకుండా పోయిన తెల్ల ఫీచా నంబరు ఎవరికీ కనపడకపోవడానికి కారణం ఇదే. ఒబ్రాద్ రాతికాలువలో పడ్డాడు, తలకి దెబ్బ. ఇప్పటికీ స్పృహ రాలేదు. అతని రేగుతోటలో కూలీలని మాస్టారి తేనెటీగలు కుట్టాయని శుక్రవారం కాఫీ కొట్లో ఇద్దరూ గొంతులు చించుకున్నారు. అదంతా పదిమంది విన్నారు కాబట్టి అనుమానం మాస్టారి మీదే పడింది.

“కారుకి ఈమధ్య ఏమైనా రిపేరు చేయించారా?”

మిలుతిన్ చూపు బల్ల మీదికి జారింది. “శనివారం. ఛార్జింగు సరిగ్గా లేదని కటౌట్ డబ్బా తీసి బాగుచేశాను. ఆదివారం బయల్దేరేముందు కారుకి బిగించాను. అప్పట్నుంచీ ఛార్జింగు ఎర్ర దీపం వెలగడమే మానేసింది. బాగైందనుకున్నాను.”

“తాళం తిప్పి ఇంజిను ఇంకా స్టార్టు చేయకముందు కూడా వెలగలేదా?”

“ఊహూఁ. అసలు వెలగలేదు.”

దెసంక మనసులో ఆ మాట ఒక మూల జాగ్రత్తగా పెట్టుకుంది. “ఎవరు చేశారు?”

“నేనే.”

“డబ్బా మూతకి ఎన్ని స్క్రూలు?”

“...నాలుగు.”

“రెండు, మాస్టారూ. మీరు ఆ మూత జన్మలో విప్పలేదు. ఎవరు విప్పారు?”

ఆయన చేతులు కట్టుకున్నాడు. గోడకున్న క్యాలెండరు వైపు తిరిగి కూర్చున్నాడు.

*

స్టేషను వెనక పెరట్లో తెల్ల ఫీచా నిలబెట్టి ఉంది. సోమవారం పొద్దున తాడు కట్టి లాక్కొచ్చారు. కాపలాగా ఉన్న హెడ్ కానిస్టేబుల్ జికా యాభై దాటిన బొద్దు మనిషి.

“రా అక్కా. ఇదుగో నీ పేషెంటు. బ్యాటరీ నేనే చూశాను, చచ్చింది.”

“ఆదివారం నుంచీ ఇంజిను ఎవరైనా స్టార్టు చేశారా?”

“దేంతో చేస్తాం? దెయ్యాలతోనా?”

దెసంక తన కారులోంచి నిండు బ్యాటరీ తెచ్చి ఫీచా ముందు పెట్టెలో దించింది. ఒక తీగ తగిలించింది. రెండో తీగకీ బ్యాటరీకీ మధ్య నాన్న ఆమ్మీటరు కలిపింది. కారులో దీపాలు లేవు, తాళం లేదు, అన్నీ కట్టేసి ఉన్నాయి. ముల్లు సున్నా దగ్గర పడుకోవాలి.

ముల్లు లేచి తొమ్మిది మీద నిలబడింది.

“అమ్మో,” అన్నాడు జికా. “తొమ్మిది ఆంపియర్లా? ఏం తాగుతోంది ఇది?”

“అదే వెతుకుతున్నా.”

ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకింది. హారను, దీపాలు, తుడుపుకర్రలు. ముల్లు తొమ్మిది దగ్గరే. అన్నీ తిరిగి పెట్టి వెనక్కి వెళ్ళి మూత ఎత్తింది. డైనమో లావు తీగ విప్పగానే ముందునుంచి జికా కేక పెట్టాడు. “సున్నా! అక్కా, సున్నా!”

తీగ మళ్ళీ బిగించింది. తొమ్మిది.

“తెలిసిపోయింది,” అన్నాడు జికా హుషారుగా, స్క్రూడ్రైవరు తిరగేసి పట్టుకుని కటౌట్ డబ్బా మీదికి ఎత్తుతూ. “నాకూ ఫీచా ఉండేది. పిడితో ఒక్కటి వేస్తే దెబ్బకి...”

దెసంక అతని మణికట్టు గాలిలోనే పట్టేసింది.

“జికా, ఆ దెబ్బ వేశావంటే అతుక్కున్నది ఊడిపోతుంది. మాస్టారి సాక్ష్యం కూడా దాంతోపాటే ఊడిపోతుంది. చెయ్యి దించు.”

“ఊళ్ళో అందరూ అలాగే చేస్తారక్కా!”

“అందుకే ఊళ్ళో ఎవరికీ ఏం పాడైందో తెలీదు.”

“ఏం జరుగుతోందిక్కడ?” అంటూ ఇన్‌స్పెక్టర్ వెలిమిర్ పెరట్లోకి వచ్చాడు. నలభై ఏళ్ళ సన్నటి మనిషి. కాఫీ కప్పు చేతిలో ఉన్నా ఎప్పుడూ తాగడు. “దెసంక గారూ, కారు చూడ్డానికి అనుమతి ఇచ్చాను. పెళ్ళి చేయమనలేదు.”

“ముహూర్తం దాటేలోపు చేసేయాలి ఇన్‌స్పెక్టర్ గారూ. రెండింటికి మీ ఊరేగింపు ఉందిగా.”

“నాకు సరదా అనుకుంటున్నారా?” అతని గొంతు కొంచెం తగ్గింది. “ఏడేళ్ళు ఆయన దగ్గర చదివాను. ఆయన జేబులోంచి పెన్సిళ్ళు కొనిచ్చేవాడు. పంపాల్సి వస్తోందని నిన్న రెప్ప వెయ్యలేదు. కానీ ఒబ్రాద్ భార్య ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉంది. ఆమెకి ఏం చెప్పమంటారు? ఊళ్ళో ఐదు తెల్ల ఫీచాలు. మూడు ఆ టైముకి ఊళ్ళోనే అందరి కళ్ళముందూ ఉన్నాయి. ఒకటి కొట్టంలో బ్యాటరీ చచ్చి పడుంది, ఎనిమిదింటికి నేనే వెళ్ళి తాళం తిప్పి చూశాను. ఐదోది ఇది. ఐదూ పదికి కొండమీదికి వెళ్ళాను. మనిషి లేడు. వెనక మూత ఎత్తి ఉంది. చెయ్యి పెట్టి చూశాను, వేడి! పన్నెండింటినుంచీ కదల్లేదన్న కారు వేడిగా ఎలా ఉంటుంది?”

“మరి బ్యాటరీ చచ్చి ఉంది కదా?”

“గుద్దాడు. వెనక్కి కొండెక్కించాడు. హెడ్‌లైట్లు వేసి బ్యాటరీ చంపాడు. ‘నా కారు కదల్లేదు’ అనడానికి. మాస్టారు తెలివైనవాడండీ.”

“చెయ్యి ఎక్కడ పెట్టారు?”

“ఇంజిను మీద.”

“ఇంజిను పెద్దది. ఎక్కడ?”

వెలిమిర్ విసుగ్గా వంగి వేలు చూపించాడు. మూత ఎత్తగానే ఎదురుగా, పైన చేతికందేలా ఉన్న గుండ్రటి డబ్బా. డైనమో.

దెసంక గడియారం చూసింది. పదకొండూ యాభై. “నలభై ఐదు నిమిషాలు ఈ తీగలు ఇలాగే ఉండాలి. ఎవరూ ముట్టుకోకూడదు. అప్పుడు వచ్చి చెయ్యి పెట్టండి. తర్వాత మీరేం చెప్పినా వింటాను.”

“నాకు పని లేదనుకున్నారా?”

“మీ కాఫీ చల్లారడానికి కూడా అంతే పడుతుంది.”

ఆ నలభై ఐదు నిమిషాల్లో ఆమె వరండాలో కూర్చుని వెలిమిర్ రాసిన రిపోర్టు మూడుసార్లు చదివింది. రెండో పేజీలో ఒక వాక్యం కింద గోటితో గీత గీసింది. యాగొదా బలవంతాన గిబానిత్సా ముక్క నోట్లో పెట్టింది. జికా రెండు ముక్కలు తిన్నాడు, పొడిచినవి కూడా రుచిగానే ఉన్నాయన్నాడు.

పన్నెండూ ముప్ఫై ఐదు.

“రండి,” అంది దెసంక. “మొన్న పెట్టినచోటే పెట్టండి.”

వెలిమిర్ అరచెయ్యి డైనమో మీద ఆనించాడు. వెంటనే తీసేశాడు. మళ్ళీ పెట్టాడు. పక్కనున్న ఇంజిను దిమ్మ మీద పెట్టి చూశాడు. అది రాయిలా చల్లగా ఉంది.

“వేడిగా ఉందా?”

“...ఉంది.”

“ఇప్పుడీ కారు ఎవరిని గుద్దొచ్చింది ఇన్‌స్పెక్టర్ గారూ?”

జికా పక్కకి తిరిగి దగ్గాడు.

“ఇంజిను తిరుగుతుంటే డైనమో బ్యాటరీకి కరెంటు పోస్తుంది,” అని దెసంక మెల్లగా చెప్పింది. ఆ మనిషిని ఓడించడం ఆమెకి ముఖ్యం కాదు, అతనికి అర్థం కావాలి. “ఇంజిను ఆగితే ఆ కరెంటు వెనక్కి రాకుండా మధ్యలో ఒక తలుపు మూసుకోవాలి. ఈ డబ్బాలో ఉన్న కటౌట్ ఆ తలుపు. ఇక్కడది తెరిచి ఉండిపోయింది. కారు ఆపిన క్షణం నుంచీ బ్యాటరీ తన రక్తమంతా డైనమోలోకి పోస్తోంది. తిరగలేని డైనమో ఆ కరెంటు తాగి వేడెక్కింది. తలుపు అలా తెరిచి ఉంటే ఎర్ర దీపం కూడా వెలగదు. పన్నెండింటికి ఆపారు. మూడింటికి స్టార్టు అవలేదు. ఐదూ పదికి మీ చేతికి తగిలింది ఆ వేడే. ఒక్క హెడ్‌లైట్లతోనే బ్యాటరీ చచ్చుంటే ఇవాళ నా ముల్లు సున్నా దగ్గరే పడుకునేది.”

వెలిమిర్ తేరుకున్నాడు. తేలిగ్గా వదిలే మనిషి కాదు. “సరే. లోపం ఉంది. అయినా మూడింటికి బ్యాటరీలో ఇంకాస్త ప్రాణం ఉండొచ్చు. స్టార్టు చేసి వెళ్ళొచ్చి ఉండొచ్చు. లోపం ఉన్నంత మాత్రాన కారు కదల్లేదని కాదు.”

“మంచి ప్రశ్న. దానికి జవాబు మీరే రాశారు.” ఆమె కాగితం తీసింది. “రెండో పేజీ. ‘ఐదూ పదిహేనుకి రేడియేటర్ పరీక్షించగా నీళ్ళు మూతి దాకా నిండుగా ఉన్నవి.’ ఎవరు పరీక్షించారు?”

“నేనే,” అన్నాడు జికా.

“మూత తీశావా?”

“తీయకపోతే నీళ్ళెలా కనిపిస్తాయక్కా?”

“గుడ్డతో పట్టుకున్నావా?”

“వట్టి చేత్తోనే. వేలు కూడా ముంచి చూశా.”

ఆ మాట అన్నాక జికా తన వేలు వంక చూసుకున్నాడు. ఫీచా నడిపినవాడు కదా. ఆ కొండదారి ఎనిమిది మైళ్ళు. జులై ఎండలో పైకి చేరిన ఏ ఫీచా అయినా పొయ్యి మీది కెటిలులా బుసకొడుతుంది. అరగంటలోపు మూత విప్పితే ముఖం కాలి ఆస్పత్రికి పోవాలి.

“నీళ్ళు ఎలా ఉన్నాయి జికా?” అని అడిగాడు వెలిమిర్.

“గోరువెచ్చగా... కాదు సార్. చల్లగానే ఉన్నాయి. ఆ మాట రాయమని మీరు చెప్పలేదు.”

వెలిమిర్ కాఫీ కప్పు గోడ మీద పెట్టాడు.

“నేను నమ్ముతున్నాను,” అన్నాడు చివరికి. “కానీ నేను నమ్మితే వ్యాను ఆగదు. పై అధికారి ఫోనులో ఏమంటాడో ఇప్పుడే చెప్తాను వినండి. ‘ముసలాయన తప్పించుకోవడానికి తనే ఆ డబ్బా పాడుచేసుకుని ఉంటాడు.’ అవునా కాదా?”

దెసంక తీగలు విప్పి, రెండు స్క్రూలు తిప్పి, కటౌట్ మూత ఎత్తింది. భూతద్దం పెట్టి చూసింది. తలుపులా పనిచేసే ఇనప నాలుక పట్టుకారుతో వంచి ఉంది, పళ్ళ గుర్తులు తాజాగా మెరుస్తున్నాయి. అది తాకే చోట గరుకు కాగితంతో అడ్డదిడ్డంగా రుద్దిన గీతలు. పాడుచేద్దామని చేసిన చెయ్యి కాదిది. బాగుచేద్దామనుకుని, తనకి పని వచ్చనుకుని, ప్రేమగా చెడగొట్టిన చెయ్యి.

“ఈ పని చేసినవాడు ‘శనివారం నేను వంచాను’ అని రాసిస్తే?”

“ఆ ఒక్క సంతకం చాలు. మాస్టారిని నేనే నా జీపులో ఇంటి దగ్గర దింపుతాను. లేకపోతే రెండింటికి...” అతను మాట పూర్తి చేయలేదు.

*

ఒంటిగంటకి అయిదు నిమిషాలుంది. దెసంక యాగొదాని కూడా లోపలికి తీసుకెళ్ళింది. జరిగిందంతా మాస్టారికి చెప్పింది. చల్లటి నీళ్ళ సంగతి విని ఆయన కళ్ళు మెరిశాయి.

“జికా వేలు ముంచాడా? వాణ్ణి ఐదో తరగతిలో తప్పించాను. పొరపాటు చేశాను.”

“మాస్టారూ, ఒక్క పేరు. శనివారం ఎవరు చేశారో.”

“అది తప్ప ఇంకేదైనా అడుగు.”

యాగొదా బల్ల మీద చరిచింది. “ఏమయ్యా! నీకేమైనా మతిపోయిందా? కారు రిపేరు చేసినవాడి పేరు చెప్తే వాణ్ణి ఉరి తీస్తారా? వాడు చేసిన పాపమల్లా ఒక ఇనప నాలుక వంచడం! నువ్వు చస్తే, యజమాని పోయాడని ఆచారం ప్రకారం నీ తేనెటీగలకి ఎవరు చెప్పాలి, నేనా?”

“యాగొదా, ఊరుకో.”

“ఊరుకోను!”

“మాట ఇచ్చాను,” అన్నాడాయన మెల్లగా. “ఇవాళ్టి దాకా నోరు విప్పనని.”

దెసంక ఆయన ముఖంలోకి చూసింది. రిపేరు చేసినవాడి పేరు దాయడానికి ఎవరూ జైలుకి పోరు. దీని వెనక ఇంకోటి ఉంది. కింది రోడ్డు మీద పోయిన ఇంకో తెల్ల ఫీచా ఉంది. ఆమెకి అది అర్థమైంది. అర్థమైందని ఆయనకీ అర్థమైంది. ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తల మాత్రం వంచలేదు.

ఆమె పేరు అడగడం మానేసింది. బెదిరించి లాక్కునే మాట కాదది.

“సరే. పేరు వద్దు. ఒక్కటి చెప్పండి చాలు. ఆ మనిషి శనివారం ఎన్ని డబ్బాలు బాగుచేశాడు?”

“రెండు. నాదీ, తనదీ. ఒకే బల్ల మీద, ఒకే పట్టుకారుతో. ఎవరిది వాళ్ళం ఆదివారమే బిగించుకున్నాం.”

“అయితే అతని బ్యాటరీ కూడా చచ్చే ఉండాలి.”

మిలుతిన్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

దెసంక పెట్టె చేతిలోకి తీసుకుని లేచింది. “నేను వెళ్ళి ఆ పై అధికారిని ఫోనులో బతిమాలుతాను. ఆ రిపేరు చేసిన మనిషి మీకు కావలసినవాడు కాబట్టి నా తరఫున ఒక మాట చేరవేయండి. ఆ బ్యాటరీ తీగలు విప్పకుండా ఛార్జరు మాత్రం పెట్టొద్దని చెప్పండి. బ్యాటరీ అయితే తొమ్మిది ఆంపియర్లు పోసి పోసి తనే చస్తుంది, వేడి అక్కడితో ఆగుతుంది. ఛార్జరు చావదు. గోడలోంచి కరెంటు వస్తున్నంతసేపూ ఆ డైనమోలోకి పోస్తూనే ఉంటుంది. చిన్న ఛార్జరైతే వేడి, అంతే. పెద్దదైతే మూడు నాలుగు గంటల్లో తీగల మీది రబ్బరు కరిగి...”

ఆమె ఆగింది. మాస్టారి ముఖంలో రక్తం చుక్క లేదు.

“పెద్దదంటే?” అన్నాడు. “బస్సు డిపోలో వాడేదా?”

“మాస్టారూ?”

కుర్చీ వెనక్కి పడింది. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి రెండంగల్లో తలుపు దగ్గరికి వెళ్ళి రెండు పిడికిళ్ళతో బాదాడు.

“వెలిమిర్! ఒరే వెలిమిర్! జీపు తియ్యి!”

తలుపు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టరు వెనక జికా, జికా చేతిలో తాళాలు.

“సావా,” అన్నాడు మిలుతిన్. ఊపిరి అందడం లేదు. “నా కుమ్ సావా. నా పెళ్ళికి పక్కన నిలబడ్డవాడు. నా పిల్లకి పేరు పెట్టినవాడు. కుమ్ అంటే చొక్కా గుండీ కాదురా, తెంపి నీ బల్ల మీద పెట్టడానికి... ఒబ్రాద్‌ని గుద్దింది వాడే. నాకు తేనె పనిలో సాయానికని బయల్దేరి, మలుపులో చూసుకోలేదు. భయపడి వెనక్కి తిప్పుకుని పోయాడు. నిన్న ఇక్కడికి సిగరెట్లు తెచ్చి, ఇదే కుర్చీలో కూర్చుని ఏడ్చాడు. ‘నన్ను పట్టుకెళ్ళకూడదు మిలుతిన్, నా కారు నేనే నడుపుకుంటూ వెళ్ళి లొంగిపోతాను, ఒక్కరోజు ఇవ్వు’ అన్నాడు. ఇచ్చాను. బ్యాటరీ నిండితే వాడి ధైర్యమూ నిండుతుందనుకున్నాను.”

యాగొదా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“చిన్న ఛార్జరుతో ఎక్కలేదట. ఇవాళ పొద్దున వచ్చి చెప్పాడు, డిపో నుంచి పెద్దది తెచ్చానని, తొమ్మిదిన్నరకి తగిలిస్తానని, రెండింటికల్లా ఇక్కడ ఉంటానని.”

వెలిమిర్ గడియారం చూశాడు. ఒంటిగంటా నాలుగు. మూడున్నర గంటలు దాటింది. “కారు ఆ కొట్టంలోనేనా? నేను చూసినచోటే?”

“అక్కడే. ఎవరికీ కనపడకూడదని ఎండుగడ్డి కప్పాడు.”

యాగొదా అప్పటికే జికా ఫోను లాక్కుని సావా ఇంటి నంబరు నొక్కింది. అవతల మోగుతూనే ఉంది.

“సరే మాస్టారూ, కంగారు పడకండి,” అన్నాడు వెలిమిర్ మెట్ల వైపు పరుగెత్తుతూ. “పోతే కారు పోతుంది. వెళ్ళి ప్లగ్గు పీకేస్తాం. ఆయన ఇంట్లో లేనట్టున్నాడు, ఫోనెత్తడం లేదు...”

“ఇంట్లో ఎందుకుంటాడ్రా!” మిలుతిన్ అతని చెయ్యి పట్టుకుని తనే ముందుకి లాగాడు. “రెండు రోజులుగా కంటి మీద కునుకు లేదు వాడికి. పెళ్ళాం చూడకుండా కొట్టానికి లోపల గడియ పెట్టుకుని, సీసా ఖాళీ చేసి, ఆ కారులోనే పడుకుంటానన్నాడు!”